పోచయ్య మాస్టర్ అడిగిన చొక్కా

సికింద్రాబాద్ నుంచి తిరిగొచ్చి ఇరవై రోజులైంది. వచ్చిన దగ్గర్నుంచీ తణుకులో కనబడ్డవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "పోచయ్యగారిని చూశావంట కదా, ఏం చెప్పారు?" కూరల బండి దగ్గర ఒకరికి, బ్యాంకులో ఒకరికి, పాలకేంద్రం దగ్గర ఇద్దరికి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చెప్పిన ప్రతిసారీ కథలో నేను కాస్త పెద్దదాన్నీ, మిగతావాళ్ళు కాస్త చిన్నవాళ్ళూ అయిపోతున్నారని మా ఆయన ఎత్తిపొడిచాడు. ఆయన మాట ఎప్పుడో గాని నిజం కాదు. ఈసారి నిజమే. అందుకే జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడుతున్నాను.

నా పేరు సత్యవతి. మా నాన్న దర్జీ, నేనూ దర్జీనే. తణుకులో రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులో నాతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్ళం బడిపిల్లల యూనిఫారాలు కుడతాం. పని గొప్పగా ఉంటుంది కానీ ఏడాదిలో మూడు నెలలే ఉంటుంది. మిగతా తొమ్మిది నెలలూ జాకెట్లు, ఫాల్సులు, దిండు గలీబులు.

ఇక పోచయ్యగారు. కత్తెర పట్టినవాళ్ళలో ఆయన పేరు తెలియనివాళ్ళు మా వైపు కూడా లేరు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు గేటు పక్కన ఒక్క మిషనుతో మొదలుపెట్టిన మనిషి. ఇవాళ ఎన్ని రాష్ట్రాల్లో బడిపిల్లలు, నర్సులు, హోటలు కాపలావాళ్ళు ఆయన బట్ట తొడుక్కుంటారో ఆయనకే తెలియాలి. ఆయన నెలకోసారి చిన్న ఊళ్ళ దర్జీలను పిలిచి, రాంగోపాల్‌పేట్‌లోని తన పాత కొట్టు మేడ మీద కూర్చోబెట్టి వ్యాపారం గురించి చెబుతారు. ఫీజు లేదు, భోజనం ఉంది. షరతు ఒక్కటే. మీ దగ్గర కుట్టిన చొక్కా ఒకటి వెంట తీసుకురావాలి.

నాకు పిలుపొచ్చిన వారంలోనే ఇంకో సంబరం కూడా వచ్చింది. మా పక్క ఊళ్ళో పెద్ద ప్రైవేటు బడివాళ్ళు నాలుగు వందల చొక్కాలు కుట్టమన్నారు. వాళ్ళకి ఇంకో అయిదు బళ్ళున్నాయి. ఇవి బాగుంటే వచ్చే ఏడాది అవన్నీ మాకే అన్నారు. అంటే పన్నెండు ఇళ్ళల్లో ఏడాదంతా పని. ఒక్కటే కొత్త సంగతి, ఎండలకు పిల్లలు ఉడికిపోతున్నారని తల్లిదండ్రులు గోల చేస్తే ఈసారి టెర్రికాటు వద్దు, నూలు బట్టే కావాలన్నారు. నూలు బట్ట తడిస్తే తగ్గుతుందని నాకు తెలుసు. అందుకే లెక్కకి మించి నాలుగు తాన్లు ఎక్కువే తెప్పించాను. బయలుదేరేముందు షెడ్డులో నిలబడి, మా వరలక్ష్మితో పెద్ద సేనాధిపతిలా చెప్పాను.

"నేనొచ్చేసరికి కోత సగం అయిపోవాలి."

"ఆయ్, అయిపోతుందక్కా. మీరు నిశ్చింతగా వెళ్ళి రండి" అంది. పన్నెండేళ్ళుగా నా పక్క మిషను మీద కూర్చునే మనిషి వరలక్ష్మి. ఏదైనా అవుతుందంటే అయ్యి తీరుతుంది.

పనసకాయతో రైలెక్కాను

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు. నా చంకలో ఉన్నది పిల్లి కాదు, పనసకాయ. సైనిక్‌పురిలో ఉండే మా పిన్ని కూతురు రమణి, పనసపొట్టు కూర తిని రెండేళ్ళయిందని ఫోన్లో ఒకటే గారాలు పోయింది. లేత కాయ ఒకటి కోయించి సంచిలో పెట్టాను. అదే సంచిలో అడుగున, పోచయ్యగారికి చూపించాల్సిన చొక్కా ఉంది. బుద్ధున్నవాళ్ళెవరూ చెయ్యని పని.

ఎవరిని చూసినా నాకు ముందు కుట్టు కనబడుతుంది, తర్వాతే మొహం. ఖమ్మంలో ఎక్కి నా ఎదుట కూర్చున్న టీచరమ్మ జాకెట్టు చూసి రెండు స్టేషన్లదాకా ఓర్చుకున్నాను. ఇక ఆగలేక చెప్పేశాను.

"ఏమీ అనుకోకండి, మీ జాకెట్టుకి ఎడమ చెయ్యి కుడివైపు, కుడి చెయ్యి ఎడమవైపు వేసేశారండి."

ఆవిడ ముందు మొహం చిట్లించింది. తర్వాత చెయ్యి పైకెత్తి చూసుకుని పకపకా నవ్వింది. "అందుకేనా! పొద్దుమాపు గుంజుతనే ఉంటది. నేను లావైననేమో అని రాత్రి అన్నం సుత బంద్ పెట్టిన!"

ఆ నవ్వుతోనే డబ్బా తెరిచి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకి అద్ది కాల్చింది. అంచులు కరకర, నడుమ మెత్తన. మా గోదావరి వైపు ఇన్ని రకాల పిండివంటలున్నాయని మురిసిపోతాం గానీ ఇలాంటిది మాకు లేదు. ఒప్పుకోవడానికి కాస్త కష్టంగానే ఉంది. కానీ నిజం.

సైనిక్‌పురి సుబేదారు గారు

రమణి ఇంటికి చేరి సంచి తెరిచేసరికి నా ప్రాణం పోయింది. పనసకాయ తొడిమ నుంచి కారిన జిగురు కాగితాన్ని దాటి చొక్కా కాలరు మీద అరచేతంత మేర అట్టకట్టింది. అదేమన్నా సబ్బుకు పోయేదా. ఎల్లుండి పొద్దున్న పోచయ్యగారి ముందు పెట్టాల్సిన చొక్కా!

నా అరుపులకి పక్కింటి సుబేదారు గారు వచ్చేశారు. సైన్యంలో చేసి రిటైరైన ఆయన. డెబ్బై దాటినా ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కాయే. ఆ చొక్కా చేతుల మడతకి గీత పెట్టి కొలిచినట్టు ఉంది.

"ఏందమ్మా, ఏమైంది? గింతేనా? జెర కొబ్బరినూనె తే. పరేషాన్ గాకు."

కూర్చుని వేలి కొసతో అరగంటసేపు నూనె రాసి జిగురంతా ఉండలుగా తీశారు. ఆ తర్వాత సబ్బు, వేడినీళ్ళు. మరక పోయింది, వాసన మిగిలింది. రమణి ఇంట్లో కత్తిపీట లేకపోతే, కాయ కొట్టిపెట్టింది కూడా ఆయనే. మా ఊళ్ళో బజారులో పొట్టు కొట్టి పొట్లం కట్టి ఇస్తారు. ఇక్కడ పనసపొట్టంటే ఏమిటో ఎదుటింటివాళ్ళకి అరగంట చెప్పాల్సి వచ్చింది. ఆవ పెట్టి వండిన కూర సుబేదారు గారింటికీ గిన్నెడు వెళ్ళింది. మర్నాడు గిన్నె ఖాళీగా రాలేదు. నిండా సకినాలతో వచ్చింది.

జనరల్ బజార్లో గుండీలు

శుక్రవారం బొత్తాలు కొందామని జనరల్ బజారుకి వెళ్ళాను. ఆటో దిగాల్సిన చోట దిగకుండా రెండు సందులు ముందే దిగి, ఆ ఎండలో బంగారం కొట్లు, చీరల కొట్లు, గాజుల కొట్లు అన్నీ చూసుకుంటూ తిరిగాను. తప్పిపోయానని అనుకోలేదు. అనుకుంటే చూసిన ఆనందం ఉండదు.

బొత్తాల కొట్టతను నా మాట వినగానే నవ్వాడు. "బొత్తాలా? గుండీలు గావాల్నా అమ్మా? ఏ అంగీకి? స్కూలు అంగీకా?" చొక్కాని వాళ్ళు అంగీ అంటారు. మా ఊళ్ళో నూట నలభై చెప్పే పెట్టె అతను తొంభైకే ఇచ్చాడు. పైగా, "కడుపుల ఏమన్న పడ్డదా, చాయ్ తాగుతరా?" అని అడిగాడు. బేరం అయిపోయాక ఇలా అడిగే కొట్టువాడు మా తణుకులో ఉంటే చూపించండి.

సందు చివర ఇరానీ చాయ్ ఇరవై రూపాయలు. మా దగ్గర పదే. కానీ ఆ చిక్కదనానికి ఇంకో అయిదు ఎక్కువిచ్చినా తప్పులేదు. ఉప్పుతీపి బిస్కెట్టు ముంచుకుని తింటుంటే వరలక్ష్మి వాళ్ళు గుర్తొచ్చి రెండు ప్యాకెట్లు కొన్నాను.

రాంగోపాల్‌పేట్ మేడ మీద

శనివారం పది గంటలకల్లా మేడ నిండిపోయింది. నలభైమందిమి ఉంటాం. ఆడవాళ్ళం ఆరుగురమే. మెట్లెక్కుతుంటే ఒక పొట్టి ముసలాయన నా ముందు నెమ్మదిగా ఎక్కుతున్నాడు. మెడలో కొలత టేపు, జేబులో సుద్దముక్క. తోవ ఇస్తాడేమోనని ఆగాను. పైకి వెళ్ళాక ఆయనే ముందు కుర్చీలో కూర్చున్నాడు. అంత పెద్ద కంపెనీ యజమాని, ఇంకా మెడలో టేపు తియ్యలేదు! ఎందుకో తెలియదు గానీ నాకు కళ్ళు తడిశాయి. మా నాన్న కూడా టేపు మెడలో వేసుకునే అన్నం తినేవాడు. దర్జీ పనంటే చులకనగా చూసేవాళ్ళందరినీ పట్టుకొచ్చి పోచయ్యగారి ముందు కూర్చోబెట్టాలనిపించింది.

"సార్ అని ఎవలు పిలవకుండ్రి. మాస్టర్ అనుండ్రి. మన పనిల గంతకన్న పెద్ద పేరు లేదు" అంటూ మొదలుపెట్టారు.

వేదిక లేదు, మైకు లేదు. ఒక్కొక్కరి చొక్కా అడిగి తీసుకుని, ముందు తిరగేసి లోపలివైపు చూస్తారు. పైవైపు చూడనే చూడరు. "బయటికెల్లి అందరు మంచిగనే కుడ్తరు. లోపట ఎవడు సూస్తడు అనుకుంటరు. ఉతికే ఇల్లాలు సూస్తది. మల్ల మీ దుకాణానికి వచ్చేది, రానిది గామెనే." ఇంకొకరితో, "కొలతలు తీసేటప్పుడు మనిషిని నిలబెట్టి కాదు, చేతులు ఎత్తమనాలె, కూసోమనాలె. బతుకంత ఎవడన్న నిలబడే ఉంటడా?" ఇలా ఒక్కో చొక్కాకి ఒక్కో మాట. నేను పుస్తకం నిండా రాసుకున్నాను.

నా వంతు వచ్చింది. చొక్కా తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "గిదేంది, కొబ్బరినూనె వాసనొస్తుంది?" అన్నారు. మేడంతా నవ్వింది. పనసకాయ సంగతి చెబితే ఆయన అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. తర్వాత లోపలి కుట్టు మీద బొటనవేలు పెట్టి చంక నుంచి అంచుదాకా జరిపారు. నవ్వు ఆగిపోయింది.

"గీ కుట్టు మస్తుగున్నది. ఎవరు కుట్టిన్రమ్మా?"

నలభైమంది నావైపు చూస్తున్నారు.

"నేనే, మాస్టర్" అన్నాను.

ఆ చొక్కా కుట్టింది వరలక్ష్మి. నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. వచ్చేసింది.

మాస్టర్ చొక్కా మడిచి నా చేతికిచ్చి, గోడవారన ఉన్న అద్దాల బీరువా తెరిచారు. అందులో బహుమతులుంటాయనుకున్నాను. ఉన్నవి చెడిపోయిన బట్టలు. కాలరు వంకరది ఒకటి, జేబు కుడివైపు కుట్టేసింది ఒకటి. అన్నిటికంటే పైన మోచేతులదాకా కుంచించుకుపోయిన ఖాకీ చొక్కా ఒకటి.

"గిది నాదే. లాలాగూడల వర్క్‌షాపు పనోళ్ళకు అరవై అంగీలు కుట్టిన, బట్ట తడపకుండ. ఒక్క ఉతుకుకే గిట్లయినయ్. తర్వాత గవే అంగీలు ఇప్పి, వాళ్ళ పోరగాండ్లకు కుట్టిచ్చిన. సైజు తప్పింది గని బట్ట తప్పలే. నా స్కూలు డ్రెస్సుల దందా గట్లనే షురూ అయింది" అన్నారు. తర్వాత మా అందరినీ అడిగారు. "మంచి అంగీలు అందరు తెస్తరు. మీరు ఇంటికి పోయినంక మీ చేతుల చెడిపోయింది ఒకటి నాకు పంపుండ్రి. గీ బీరువల పెడ్త. సరే గని, నూలు బట్ట తడపకుండ కత్తెర పెట్టనోళ్ళు ఎంతమంది?"

అందరికంటే ముందు నా చెయ్యే లేచింది.

ఫోను

భోజనాల వేళ పప్పుచారు, బగారన్నం పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. మాస్టర్ మా చొక్కాని మెచ్చుకున్నారని గొప్ప చెప్పుకుందామని వరలక్ష్మికి ఫోను చేశాను. నేను నోరు తెరిచేలోగానే ఆమె అందుకుంది.

"అక్కా, మీరొచ్చేసరికి సగం అన్నారు కదా, అప్పుడే నూట నలభై కోసేశాం! పెద్ద సైజులన్నీ అయిపోయాయి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తడిపారా?" అన్నాను.

"ఏంటక్కా?"

"కోసేముందు బట్ట తడిపారా?"

వెనకాల కత్తెర్ల చప్పుడు వినబడుతోంది. "తడపాలా అక్కా? మీరు చెప్పలేదు" అంది, చాలా చిన్న గొంతుతో.

నిజమే. చెప్పలేదు. తగ్గుతుందని ఎక్కువ బట్ట తెప్పించింది నేను. తడపమని చెప్పడం మరిచిపోయిందీ నేనే. పన్నెండేళ్ళు టెర్రికాటు కోసిన చేతులకు నీళ్ళ సంగతి ఎలా గుర్తుంటుంది? అదంతా ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం కోపంతో కళ్ళు మూసుకుపోయాయి.

"కత్తెర కింద పెట్టండి. నేనొచ్చేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు" అని కసిరి పెట్టేశాను.

నూట నలభై చొక్కాలు. అలాగే కుట్టి ఇచ్చేయొచ్చు. ఇచ్చిన రోజు ఎవరికీ తెలియదు. రెండు ఉతుకులయ్యాక పదో తరగతి పిల్లల మణికట్లు బయటపడతాయి. ఆ తర్వాత అయిదు బళ్ళు కాదు కదా, ఉన్న బళ్ళు కూడా మా గుమ్మం తొక్కవు. అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

మాస్టర్ నన్ను గమనించినట్టున్నారు. మెట్ల దగ్గర నిలబెట్టి, "ఏమైంది చెల్లె?" అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, "రేపు పొద్దుగాల లాలాగూడ గేటు కాడికి రా" అన్నారు.

లాలాగూడ గేటు

ఆదివారం ఏడింటికే వెళ్ళాను. వేపచెట్ల కింద పాత రైల్వే క్వార్టర్లు, ఇటుక గోడ, గోడ పక్కన చాయ్ బండి. మాస్టర్ కారు దూరంగా ఆపించి, బండి దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వచ్చేపోయేవాళ్ళలో సగంమంది ఆయనకి నమస్కారం పెట్టి వెళుతున్నారు. ఇంకో చాయ్ చెప్పారు.

"నా మిషిన్ గిక్కడనే ఉండె" అని గోడ చూపించారు. "నిన్న అందరికి సగం కతనే చెప్పిన. అంగీలు గిట్లయినయని తెల్సిన దినం నేనేం చేసిన్నో తెల్సా? దుకాణం బంద్ పెట్టి మా బామ్మర్ది ఇంట్ల దాక్కున్న. ఎనిమిది దినాలు. గా ఎనిమిది దినాలు పనోళ్ళు గీ గేటు కాడ పొట్టి అంగీలతోటి నిలబడి నన్ను తిట్టుకున్నరు. తొమ్మిదో నాడు నా భార్యనే గుంజుకొచ్చింది. అంగీల నష్టం ఏడాదిల తీరింది చెల్లె. గా ఎనిమిది దినాలది ఇంక తీరలే."

నాకు ఇక దాచుకోవడం చేతకాలేదు.

"మాస్టర్, నిన్నటి చొక్కా నేను కుట్టింది కాదండి. మా వరలక్ష్మి కుట్టింది. తప్పు మాట చెప్పాను."

ఆయన ఆశ్చర్యపోలేదు. చాయ్ సాసరులో పోసుకుంటూ అన్నారు. "నాకు తెల్సు. అంగీ తిరగేస్తే కుట్టినోళ్ళు కుట్టు దిక్కు సూస్తరు. నువ్వు నా మొఖం సూసినవ్."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"సరే, కోసినయి ఏ సైజులు?"

"ఆయ్, పెద్దవేనండి. మా షెడ్డులో పెద్దవి ముందు కోస్తాం. మిగిలిన ముక్కల్లో చిన్నవి తీస్తాం."

"గది ఎవరు నేర్పిన్రు?"

"మా నాన్నండి."

మాస్టర్ పెద్దగా నవ్వారు. "మీ నాయిన పాయిదా చేసిపోయిండు. కాలర్లు కోసిన్రా? కుట్టుడు షురూ చేసిన్రా?"

"లేదండి."

"మరి నన్నేం అడుగుతవ్? ఇంటికి పో."

ఎంత అడిగినా అంతకుమించి చెప్పలేదు. చాయ్ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

తిరుగు రైలు

సోమవారం పొద్దున్న రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. రమణి కట్టిచ్చిన పులిహోర ఒళ్ళో పెట్టుకుని మాస్టర్ మాటే నమిలాను. కాజీపేట దాటాక తట్టింది. తట్టగానే "ఓరి నా బుద్ధి!" అని పైకే అన్నాను. పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

కుట్టని ముక్కల్ని ఇప్పుడు తడిపితే ఏమవుతుంది? ముప్పై ఎనిమిది ముప్పై ఆరవుతుంది. పదో తరగతి చొక్కా ఎనిమిదో తరగతికి సరిపోతుంది. ఎనిమిదికి మేము ఇంకా కొయ్యనేలేదు! మిగిలిన బట్ట తడిపి పదికి కొత్తగా కోసుకుంటే సరి. ఎక్కువ తెప్పించిన తాన్లు ఉండనే ఉన్నాయి. చిన్నవి ముందు కోసి ఉంటే దిగడానికి కింద సైజులు ఉండేవి కావు. మా నాన్న పెట్టిన అలవాటు మమ్మల్ని కాపాడింది. టికెట్టు వెనక లెక్కలు వేశాను. పొడుగు ఎక్కువ తగ్గుతుంది, వెడల్పు తక్కువ. పక్కలు కాస్త కత్తిరిస్తే చాలు.

వెంటనే ఫోను చేసి చెప్పొచ్చు. చెయ్యలేదు. ఎందుకంటే నేను షెడ్డులోకి నడిచి వెళ్ళి, అందరూ దిగాలుగా కూర్చుని ఉండగా, టికెట్టు పైకెత్తి చూపించి, ఇదిగో దారి అని చెప్పాలి. ఆ ముచ్చట తీరాలి కదా. విజయవాడ దాకా ఆ దృశ్యాన్నే నాలుగైదు రకాలుగా ఊహించుకున్నాను.

తణుకు

స్టేషను నుంచి ఇంటికి కూడా వెళ్ళకుండా, సంచితో సహా షెడ్డుకి వెళ్ళాను. వాకిట్లో అడుగు పెట్టగానే ఆగిపోయాను.

రైసుమిల్లు గోడ నుంచి మా షెడ్డు దాకా తాళ్ళు కట్టి ఉన్నాయి. ఆ తాళ్ళ మీద నూట నలభై చొక్కాల ముక్కలు, వీపులు ఒక వరస, ముందుభాగాలు ఒక వరస, చేతులు ఒక వరస. నీడ కోసం పైన పాత చీరలు పరిచి కట్టారు. ఆరిన వరసలు అప్పటికే తీసి ఇస్త్రీ చేస్తున్నారు ఇద్దరు. బల్ల దగ్గర వరలక్ష్మి టేపుతో ఒక్కో ముక్క కొలుస్తోంది. ముక్కకి గుచ్చిన చీటీ తీసి చూశాను. "10" కొట్టేసి, పక్కన పెన్సిలుతో "8" అని రాసి ఉంది.

నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు. వరలక్ష్మి చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు ముట్టుకోవద్దన్నారక్కా. పన్నెండేళ్ళలో మీ మాట కాదన్నది ఇదే మొదటిసారి. మీరు తడిపారా అన్నప్పుడే అర్థమైంది. ఫోను పెట్టగానే ఒక్క ముక్క నీళ్ళలో వేసి చూశాను. సాయంత్రానికి ఆరింది, కొలిస్తే కింది సైజుకి దిగింది. అంతే, అందరం కలిసి అన్నీ తొట్లో వేసేశాం. పదో తరగతికి బట్ట నానబెట్టాం, రేపు కోస్తాం. పక్కలు మాత్రం కాస్త కత్తిరించాలక్కా. బడివాళ్ళకి కూడా ఫోను చేసి, కొన్ని కొలతలు మార్చి కోస్తున్నామని చెప్పేశాను. వాళ్ళు సరే అన్నారు."

నా చేతిలో టికెట్టు ఉంది. దాని వెనక ఉన్నదంతా ఆమె ముందే చేసేసింది. టికెట్టు మడిచి జాకెట్టులో దోపుకున్నాను. నా మొహం చూసి తిడతాననుకున్నట్టున్నారు, ఎవరూ కదలలేదు. నేను వెళ్ళి వరలక్ష్మిని గట్టిగా పట్టుకున్నాను. అంత పెద్ద మనిషికి ఎనిమిది రోజులు పట్టింది. మా వాళ్ళకి ఒక్క పూట! ఆ వాకిట్లో నిలబడి నాకు కలిగిన గర్వం, ఆ మేడ మీద నలభైమంది ముందు కూడా కలగలేదు. ఏడుస్తూనే అందరికీ బిస్కెట్లు పంచాను. రెండు ప్యాకెట్లూ సంచిలో నలిగి సగం పొడైపోయాయి. ఆ పొడి కూడా వదల్లేదు.

నాలుగు వందల చొక్కాలూ బడి తెరవడానికి మూడు రోజుల ముందే ఇచ్చేశాం. ఇచ్చేముందు ప్రతి సైజులో ఒకటి తీసి రెండుసార్లు ఉతికి, కొలిచి చూశాం. దారమంత కూడా తగ్గలేదు. మిగతా అయిదు బళ్ళ ప్రిన్సిపాళ్ళు వచ్చే వారం షెడ్డు చూడటానికి వస్తున్నారు.

మాస్టర్ అడిగింది నిన్న గుర్తొచ్చి, ఆయన బీరువాకి పంపడానికి చెడిపోయిన చొక్కా కోసం షెడ్డంతా వెతికాను. మూటలు విప్పాం, గోతాలు దులిపాం. దొరకలేదు. చివరికి ఉత్తరం రాశాను.

"పోచయ్య మాస్టర్‌గారికి నమస్కారాలు. మీరు పంపమన్న చెడిపోయిన చొక్కా పంపలేకపోతున్నాం. నూట నలభై చెడ్డాయనుకున్నాం గానీ, వెతికితే ఒక్కటీ మిగల్లేదు. క్షమించాలి."

రాసింది నేనే. సంతకం మాత్రం వరలక్ష్మి చేత పెట్టించాను.